నేరం చేయని బందిపోటు

గ్లామ్ మెటల్ అనగానే ముందు గుర్తొచ్చేది జుట్టు. స్ప్రే కొట్టి గాల్లోకి లేపిన జుట్టు, కళ్ళకి కాటుక, బిగుతు ప్యాంట్లు. 1980ల అమెరికాలో ఆ వేషాన్ని చూసి నవ్వినవాళ్ళు తక్కువేం కాదు. ఆ వేషం మీద మళ్ళీ కౌబాయ్ వేషం వేసుకుని పాడితే పాట ఎంత బూటకంగా ఉండాలి! బాన్ జోవి బృందం ‘వాంటెడ్ డెడ్ ఆర్ అలైవ్’ అలా ఎందుకు అనిపించదు?

1986లో వచ్చిన ‘స్లిప్పరీ వెన్ వెట్’ ఆల్బమ్‌లోది ఈ పాట. జాన్ బాన్ జోవి, గిటారిస్ట్ రిచీ సాంబోరా కలిసి రాశారు. జాన్‌ది న్యూ జెర్సీ. ‘మోసగాళ్ళకు మోసగాడు’ తీసిన మనవాళ్ళకి కౌబాయ్ ఎంత దూరపు చుట్టమో అతనికీ దాదాపు అంతే.

పాటలో బందిపోటు ఉన్నాడు గానీ నేరం లేదు. ఎవర్ని చంపాడో, ఏ బ్యాంకు దోచాడో, ఎవరు తరుముతున్నారో చెప్పడు. తుపాకి ఉండాల్సిన చోట గిటార్, గుర్రం ఉండాల్సిన చోట యంత్రం. ఊళ్ళు మారుతుంటాయి, నిద్రకీ మందుకీ మధ్య రోజులు కలిసిపోతుంటాయి. పారిపోతున్నవాడి భయం కాదిది, డ్యూటీ మీద తిరిగేవాడి అలసట. బాబ్ సీగర్ ‘టర్న్ ద పేజ్’ దీనికి ప్రేరణ అని జాన్ చెప్పాడు. అదీ టూర్ బతుకు పాటే. నలుపు తెలుపు వీడియోలోనూ ఎక్కువ భాగం పర్యటన దృశ్యాలే.

ఇక ‘వాంటెడ్’ అన్న మాట. పోలీసులకి కావలసినవాడూ, జనానికి కావలసినవాడూ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయారు. గోడ మీద బందిపోటు పోస్టర్‌లోనూ, కచేరీ పోస్టర్‌లోనూ ఉండేది ఒక ముఖం, కింద ఒక ధర.

పన్నెండు తీగల అకౌస్టిక్ గిటార్ మీద మెట్లు దిగుతున్నట్టుండే ఆ ఎత్తుగడ వినండి. డ్రమ్స్ తొందరపడవు. కోరస్‌లో జాన్ పాడుతుంటే సాంబోరా పైస్థాయిలో అందుకుంటాడు. నాకు ఈ పాటలో అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే: ఒంటరివాణ్ణని చెప్పుకునేవాడికి వంత పాడే మనిషి పక్కనే ఉన్నాడు. 1989 ఎమ్‌టీవీ అవార్డుల వేదిక మీద ఈ ఇద్దరే, అకౌస్టిక్ గిటార్లతో, దీన్ని పాడారు. హంగులన్నీ తీసేసినా పాట నిలబడింది.

లోపం లేదనను. చివరి చరణంలో అలసట పోయి గొప్పలు మొదలవుతాయి. ఆల్బమ్ వచ్చేనాటికి జాన్‌కి 24 ఏళ్ళు, అంత వైరాగ్యం కాస్త అరువుదే.

తర్వాత ‘యంగ్ గన్స్ 2’ కోసం నటుడు ఎమిలియో ఎస్తెవెజ్ ఈ పాటే అడిగాడు. అది బిల్లీ ద కిడ్ కథ, అసలు సిసలు బందిపోటు సినిమా. మాటలు దానికి కుదరవని జాన్ కొత్తగా ‘బ్లేజ్ ఆఫ్ గ్లోరీ’ రాసిచ్చాడు. 1990లో అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. ‘వాంటెడ్’ ఏడో స్థానం దాటలేదు. కొత్తపాటలో తుపాకి ఉంది, చావు ఉంది, కథకి తగ్గ మాటలున్నాయి. అన్నీ ఉన్నా నాకది బిల్లీ గురించి ఎవరో చెబుతున్నట్టే వినబడుతుంది. పాత పాటలో బిల్లీ లేడు. తెల్లారితే ఇంకో ఊళ్ళో పాడాల్సిన కుర్రాడున్నాడు.