వైరస్ ఎక్కించని ఎలుకలు

ఎలుకలతో ప్రయోగాలు చేసేవాళ్లు కంట్రోల్ పంజరం దగ్గర ఎంతసేపు నిలబడతారో చూస్తే వాళ్ల పనితనం నాకు అర్థమవుతుంది. జబ్బు అంటించని ఎలుకలు కదా, వాటికేమవుతుందిలే అని లెక్క రాసుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు అందుకే పరిశోధకుడు జాక్ మిల్లర్ సంగతి చెబుతాను.

అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు ఒక వైరస్ ఎక్కిస్తే పెద్దయ్యాక లుకేమియా వస్తుందని 1951లో లుడ్విక్ గ్రాస్ చూపించారు. ఆ జబ్బు రొమ్ము ఎముక వెనకుండే థైమస్ గ్రంథిలో మొదలవుతుంది. 1958లో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్ వచ్చిన మిల్లర్, వైరస్ ఎక్కించిన ఎలుకలకు నెల వయసులో ఆ గ్రంథి తీసేశారు. జబ్బు రాలేదు. నెలల తర్వాత వేరే ఎలుక థైమస్ తెచ్చి అతికిస్తే వచ్చింది! వైరస్ అన్నాళ్లూ ఒంట్లోనే అణిగి ఉందన్నమాట.

మరి వైరస్ ముందు థైమస్‌లోనే పెరగాలా? తేలాలంటే వైరస్ కంటే ముందే, పుట్టిన రోజే గ్రంథి తీయాలి. పిల్ల బరువు గ్రాము, గ్రామున్నర. చల్లదనంతో మత్తు కలిగించి, ఛాతీ తెరిచి, కొట్టుకుంటున్న గుండె పక్కనుంచి రెండు తమ్మెల గ్రంథిని సన్నటి గాజు గొట్టంతో పీల్చాలి. కుట్టి, వెచ్చబెట్టి తల్లి దగ్గరికి చేర్చాలి. నెత్తురు వాసన తగిలితే తల్లే తినేయవచ్చు. ఈ పని చేసిన చేతులంటే నాకు ఎనలేని గౌరవం.

పాలు మానాక ఆ పిల్లలు చిక్కిపోయి చనిపోసాగాయి, వైరస్ ఎక్కించనివి కూడా. ఛాతీ తెరిచి గ్రంథిని ముట్టుకోకుండా కుట్టేసినవి మాత్రం బాగానే ఉన్నాయి. కనుక తప్పు కత్తిది కాదు. మిల్లర్ లుకేమియా ప్రశ్నను పక్కనపెట్టి చనిపోయినవాటిని కోసి చూశారు. లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు బాగా తక్కువ, కాలేయంలో ఇన్‌ఫెక్షన్ గుర్తులు. బతికున్నవాటికి వేరే జాతి ఎలుక చర్మం అతికిస్తే వాటి ఒళ్లు దాన్ని తోసిపుచ్చలేదు. రోగనిరోధక శక్తి రూపుదిద్దుకోవడానికి థైమస్ కావాలని 1961లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు.

అంతకుముందూ థైమస్‌లు తీసినవాళ్లున్నారు, కానీ పెద్ద ఎలుకల్లో. అప్పటికే థైమస్‌లో తయారైన లింఫోసైట్లు గ్రంథి వదిలి ఒళ్లంతా చేరిపోతాయి, లోటు కంటికి కనిపించదు. మిల్లర్ మాటను పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నమ్మలేదు. ఇన్‌ఫెక్షన్ వల్లే అలా అయిందేమో తేల్చడానికి ఆయన అమెరికాలోని బెథెస్డా వెళ్లి, సూక్ష్మజీవులు చొరబడని గదుల్లో పెంచిన ఎలుకలకు అదే ఆపరేషన్ చేశారు. అవి చిక్కిపోలేదు. పరాయి చర్మాన్ని మాత్రం అవీ తోసిపుచ్చలేకపోయాయి.