తలుపు తీసినవాళ్లు

ప్రాగ్ నగరంలో వల్తావా నది ఒడ్డు నుంచి పైకి ఎక్కే రోడ్డు పేరు రెస్లోవా వీధి. దిగువన, నది పక్కనే, నాట్యం చేస్తున్నట్టు వంపులు తిరిగిన డ్యాన్సింగ్ హౌస్ ఉంటుంది. పర్యాటకుల ఫోన్లన్నీ దాని వైపే. అక్కడి నుంచి కాస్త పైకి నడిస్తే సిరిల్, మెథోడియస్ అనే ఇద్దరు సెయింట్ల పేరు మీద పద్దెనిమిదో శతాబ్దపు చర్చి వస్తుంది. ఫుట్‌పాత్ పక్క గోడలో అడ్డంగా చిన్న కిటికీ. కిటికీ అనేకంటే నేలమాళిగకు గాలి ఆడటానికి పెట్టిన సందు అనడం సబబు. దాని చుట్టూ గోడ పెచ్చులూడి గుంటలు పడి ఉంది. 1942 జూన్ 18న జర్మన్ సైనికులు కాల్చిన తూటాల దెబ్బలవి. ఎనభై ఏళ్లు దాటినా ఎవరూ వాటిని పూడ్చలేదు. పైన స్మారక ఫలకం, కింద ఎవరో పెట్టి వెళ్లిన పూలు, కొవ్వొత్తులు. ట్రాఫిక్ మాత్రం పక్క నుంచే హోరెత్తిపోతూ ఉంటుంది.

యుద్ధ స్మారకాల దగ్గరికి వెళ్లే అలవాటు నాకు చాలాకాలంగా ఉంది. కొత్త ఊరు వెళితే కోటా, గుడీ, బజారూ చూసినట్టే, అక్కడివాళ్లు ఎవరిని తలుచుకుని దీపం పెడతారో కూడా చూడాలనిపిస్తుంది. ఈ అలవాటులో ఒక చిక్కుంది. విగ్రహం ఎంత పెద్దదైతే మనసు అంత సులువుగా తప్పించుకుంటుంది. తలెత్తి చూస్తాం, ఒళ్లు పులకరిస్తుంది, మెట్లు దిగి టీ తాగడానికి పోతాం. రెస్లోవా వీధిలో తలెత్తే పని లేదు. నేల కిందికి దిగాలి.

కథ చాలామందికి సినిమాల ద్వారా తెలుసు. 1941 సెప్టెంబరులో హిట్లర్ తన నమ్మినబంటు రైన్‌హార్డ్ హైడ్రిష్‌ను బొహీమియా, మొరావియాల మీద పెత్తనానికి పంపాడు. వచ్చీ రాగానే వందల మందికి మరణశిక్షలు. యూరప్‌లోని యూదులందరినీ తుడిచిపెట్టే పథకం మీద 1942 జనవరిలో వాన్సీలో జరిగిన సమావేశానికి అధ్యక్షుడు ఇతనే. లండన్‌లో ప్రవాసంలో ఉన్న చెకొస్లొవాక్ ప్రభుత్వం అతణ్ని మట్టుపెట్టాలని నిర్ణయించింది. బ్రిటన్‌లో శిక్షణ పొందిన ఇద్దరు సైనికులు, స్లొవాక్ యోజెఫ్ గాబ్చీక్, చెక్ యాన్ కుబిష్, 1941 డిసెంబరు 28 రాత్రి విమానమెక్కి తెల్లవారకముందే ప్రాగ్‌కు తూర్పున పారాచూట్లతో దిగారు. 1942 మే 27న లిబెన్ అనే పేటలో రోడ్డు మలుపు దగ్గర హైడ్రిష్ కారు వేగం తగ్గించింది. గాబ్చీక్ చేతిలో తుపాకీ పేలలేదు. కుబిష్ బాంబు విసిరాడు. జూన్ 4న హైడ్రిష్ ఆసుపత్రిలో చనిపోయాడు.

సినిమా తీసేవాళ్లకు ఆ మలుపు దగ్గరి క్షణాలు కావాలి. నాకు మాత్రం డిసెంబరుకూ మే నెలకూ మధ్య గడిచిన ఐదు నెలలే ఎక్కువ ఆలోచన పుట్టిస్తాయి. ఈ ఇద్దరూ ఇన్నాళ్లూ ఎక్కడ పడుకున్నారు? ఎవరు తిండి పెట్టారు? యుద్ధకాలంలో రొట్టెకూ మాంసానికీ రేషన్ కార్డే దిక్కు. లెక్కలో లేని మనిషి కడుపు నిండాలంటే లెక్కలో ఉన్నవాళ్లు తమ ముద్ద తగ్గించుకోవాలి. యాన్ జెలెంకా అనే స్కూలు టీచరు తలదాచుకోవడానికి ఇళ్లు చూసిపెట్టాడు. జిజ్‌కొవ్ ప్రాంతంలో ఉండే మరియె మొరావ్‌త్సొవా అనే ఇల్లాలు తన ఇల్లే ఇచ్చింది. పారాట్రూపర్లు ఆమెను పిన్నీ అని పిలిచేవాళ్లు. వాళ్ల బట్టలు ఉతికింది, కబుర్లు చేరవేసింది. కొడుకు ఆటా కూడా ఆ పనుల్లో తిరిగాడు. తుపాకీ పట్టడానికి శిక్షణ ఉంటుంది. రాత్రిపూట తలుపు చప్పుడైతే లేచి తీయడానికి ఎవరు శిక్షణ ఇస్తారు?

నేలమాళిగ ముందు గదిలో చిన్న ప్రదర్శన ఉంది. పత్రాలు, ఫొటోలు. హడావుడిగా చూస్తే పావుగంటలో అయిపోతుంది. ఇలాంటి చోట నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి ఫొటో కింద పేరు పెదవులు కదిలేలా చదువుతాను, పుట్టిన ఏడాది చూస్తాను, చనిపోయిన ఏడాదిలోంచి దాన్ని తీసేస్తాను. గాబ్చీక్‌కు ముప్పై. కుబిష్ ఇరవై తొమ్మిదో పుట్టినరోజు ఆ చర్చి మీద దాడికి ఆరు రోజుల తర్వాత వచ్చేది. ఈ తీసివేతల్లో అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆపేసిన లెక్క యింద్రిష్కా నొవాకొవాది. లిబెన్ పిల్ల. హైడ్రిష్ మీద దాడి చేశాక కుబిష్ సైకిలెక్కి పారిపోయి, ఒక చెప్పుల దుకాణం ముందు దాన్ని వదిలి ఆ అమ్మాయి వాళ్లింట్లోకి వెళ్లాడు. సైకిలు అక్కడే ఉంటే ఆచూకీ తెలిసిపోతుందని యింద్రిష్కా వెళ్లి నడిపించుకుని తెచ్చేసింది. అప్పటికి ఆమె వయసు 14. అదే ఏడాది అక్టోబరు 24న మావుట్‌హౌజెన్ శిబిరంలో తల్లిదండ్రులతో పాటు ఆమెనూ చంపారు. ఆ ఒక్క రోజే, పారాట్రూపర్లకు సాయపడినవాళ్లనీ, వాళ్ల బంధువులనీ రెండు వందల యాభై మందికి పైగా, వైద్య పరీక్ష పేరుతో ఒక్కొక్కరినే లోపలికి పిలిచి వెనక నుంచి కాల్చారు.

ఆ లెక్క దగ్గర కాసేపు నా కాళ్లు ముందుకు పడలేదు. మన ఇళ్లలో తొమ్మిదో తరగతి చదివే పిల్లల వయసు. సైకిలు లోపల పెట్టి రామ్మా అని మనం రోజూ చెప్పే పనే ఆమె చేసింది.

తర్వాత బరువైన తలుపు దాటి అసలు గదిలోకి. వంపు కప్పు ఉన్న పొడవాటి గది. రెండు వైపులా గోడల్లో శవపేటికలు పెట్టడానికి కట్టిన గూళ్లు. ఎండాకాలంలోనూ చలే. ఏడుగురి కంచు విగ్రహాలు, భుజాల దాకా మాత్రమే, మన కళ్లకు ఎదురుగా నిలబడి ఉంటాయి. గాబ్చీక్, కుబిష్, ఒపాల్కా, వల్చీక్, బుబ్లీక్, హ్రుబీ, ష్వార్ట్స్. దాడి తర్వాత వీళ్లంతా ఈ చీకట్లో దాక్కున్నారు. చచ్చినవాళ్ల కోసం కట్టిన గూళ్లలో పరుపులేసుకుని పడుకున్నారు. చర్చి పూజారి వ్లదిమీర్ పెత్రెక్ అన్నీ అమర్చిపెట్టేవాడు. ఒక గూడులోకి తొంగి చూశాను. అటు నుంచి ఇటు దొర్లే చోటు లేదు.

వీళ్ల జాడ బయటపడింది ఒక తోటివాడి వల్ల. కారెల్ చుర్దా కూడా ఇంగ్లండ్‌లో శిక్షణ పొంది పారాచూట్‌తో దిగినవాడే. జూన్ 16న తనంతట తాను నాజీ రహస్య పోలీసు గెస్టపో ఆఫీసుకు వెళ్లి, ఆశ్రయమిచ్చిన ఇళ్ల చిరునామాలు చెప్పాడు. మర్నాడు తెల్లవారకముందే మొరావ్‌త్సొవా ఇంటి తలుపు బద్దలైంది. ఆమె విషం మింగింది. జెలెంకా మాస్టారూ అంతే. ఆటాను రోజంతా హింసించారు. చివరికి తల్లి తల తెచ్చి చూపించారనీ, అప్పుడే చర్చి సంగతి చెప్పాడనీ అంటారు. అతణ్ని తప్పుపట్టే హక్కు నాకు కనిపించలేదు. తండ్రితో పాటు అతణ్నీ మావుట్‌హౌజెన్‌లో ఆ అక్టోబరు రోజే చంపారు. చుర్దాను యుద్ధం తర్వాత, 1947లో ఉరితీశారు.

జూన్ 18 వేకువన వందల మంది ఎస్‌ఎస్ సైనికులు చర్చిని చుట్టుముట్టారు. పైన కాపలా ఉన్న ముగ్గురు దాదాపు రెండు గంటలు ఎదురు నిలిచారు. కింద నలుగురు. లొంగిపొమ్మని చుర్దా చేతే అరిపించారు. ఫైరింజన్ తెప్పించి ఆ సందులోంచి గొట్టం దూర్చి నీళ్లు వదిలారు. ఆ కిటికీ కిందనే గోడలో ఇటుకలు పెకలించిన గుంట ఒకటుంది. మురుగు కాలువలోకి దారి తవ్వుకుందామని వాళ్లు చేసిన ప్రయత్నం. దారి దొరకలేదు. మిగిలిన చివరి తూటాలు తమకే వాడుకున్నారు. ఏడుగురిలో ఒక్కరు కూడా విచారణ గది దాకా చేరలేదు.

ఈ గుంటను అద్దాల వెనక దాచకుండా, నున్నగా కట్టేయకుండా ఉన్నది ఉన్నట్టు వదిలినవాళ్లకు దండం పెట్టాలి. 1995 నుంచి ఇది జాతీయ స్మారకం. కొన్ని స్మారకాల్లో లైట్లు, సంగీతం, తుపాకీ చప్పుళ్లు పెట్టి ఏడిపించే ప్రయత్నం చేస్తారు. నాకది నచ్చదు. స్థలానికి తన మాట తాను చెప్పుకునే శక్తి ఉన్నప్పుడు, దాని నోరు మూయకుండా ఉండటమే స్మారకం కట్టేవాళ్లు చేయాల్సిన పని. ప్రాగ్ వాళ్లు ఆ పని చేశారు.

గోరజ్ద్ బిషప్ గురించి చెప్పకుండా ఈ చర్చి గురించి రాయలేను. తన చర్చి కింద మనుషులు దాక్కున్నారని ఆయనకు మొదట తెలియదు. తెలిశాక భయపడ్డాడు. తన కోసమే కాదు, తన చిన్న ఆర్థడాక్స్ సమాజం మొత్తం నాశనమవుతుందని. వీలైనంత త్వరగా వాళ్లను వేరేచోటికి పంపమన్నాడు. అంతా అయిపోయాక మాత్రం అధికారులకు తానే ఉత్తరాలు రాశాడు. బాధ్యత నాది, ఏ శిక్ష వేసినా నాకే వేయండి అని. సెప్టెంబరు 4న కొబిలిసి మైదానంలో ఆయన్ను కాల్చి చంపారు. పెత్రెక్‌నూ, చర్చి పెద్దలు మరో ఇద్దరినీ కూడా వదల్లేదు. చర్చిని నిషేధించారు. ఆయన్ను ఇప్పుడు సెయింట్‌గా కొలుస్తారు. నన్ను ఆయనకు దగ్గర చేసింది మాత్రం ఆ భయమే. భయపడిన మనిషి భయపడుతూనే ఆ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇక లిడిత్సే. ఆ పేరు రాగానే ఈ కథలోని గర్వమంతా గొంతులో ఆగిపోతుంది. దాడితో ఏ సంబంధమూ లేని పల్లె అది. హైడ్రిష్ చావుకు ప్రతీకారంగా జూన్ 10న అక్కడి మగవాళ్లు 173 మందిని ఊళ్లోనే నిలబెట్టి కాల్చారు. ఆడవాళ్లను రావెన్స్‌బ్రూక్ శిబిరానికి తోలారు. పిల్లల్లో 82 మందిని విషవాయువుతో చంపారు. ఇళ్లు కాల్చి, పేల్చి, నేలమట్టం చేశారు. రెండు వారాల తర్వాత లెజాకి అనే మరో పల్లెకూ అదే గతి. ఆ వేసవిలో మొత్తం మీద వెయ్యి మందికి పైగా మరణశిక్షలు అమలయ్యాయి.

మరి హైడ్రిష్ హత్య చేయకుండా ఉండాల్సిందా? ఈ ప్రశ్న వేసుకోకుండా ఆ నేలమాళిగ నుంచి బయటపడటం కుదరదు. పరాయివాణ్ని కాబట్టి తప్పించుకోవచ్చు, కానీ అది పిరికితనం. నిజానికి దేశంలో ఉన్న రహస్యోద్యమ నాయకులే దాడికి ముందు లండన్‌కు రేడియోలో కబురు పంపారు, ఇది వద్దు, వేల ప్రాణాలు పోతాయి అని. లండన్ వినలేదు. హైడ్రిష్ చావు వల్ల వచ్చిన లాభమూ ఉంది. హిట్లర్‌కు చెక్ సరిహద్దు ప్రాంతాలు ధారాదత్తం చేసిన 1938 నాటి మ్యూనిక్ ఒప్పందం ఇక తమకు వర్తించదని బ్రిటన్ 1942 ఆగస్టు 5న ప్రకటించింది. కానీ ఒక పక్క ఒప్పందం, మరో పక్క 82 మంది పిల్లలు పెట్టి తూచే త్రాసు నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా అనగలను. లిడిత్సే పాపం చంపినవాళ్ల ఖాతాలోనే రాయాలి. దాన్ని గాబ్చీక్, కుబిష్‌ల నెత్తిన రుద్దడమంటే, ఎదురు తిరిగితే ఇంతే అని ఆనాడు నాజీలు గోడలకు అంటించిన ఎర్ర ప్రకటనల భాషనే మనం మళ్లీ మాట్లాడటం.

లిబెన్‌లో దాడి జరిగిన చోటు ఇప్పుడు గుర్తుపట్టలేనంతగా మారింది. పెద్ద రోడ్లు పడ్డాయి. 2009లో అక్కడ ఒక స్తంభం నిలబెట్టారు. పైన మూడు కంచు బొమ్మలు, చేతులు చాచి. రెండు పారాట్రూపర్లవి. మూడోది ఒక సాధారణ పౌరుడిది. సైనికుల పక్కన సమానమైన ఎత్తులో ఆ మనిషిని నిలబెట్టాలని ఆలోచించిన శిల్పుల మీద నాకు గౌరవం కలిగింది. స్తంభం కింద నుంచుని ఆ మూడో బొమ్మకు యింద్రిష్కా అనీ, మరియె అనీ, జెలెంకా మాస్టారనీ పేర్లు మార్చి మార్చి పెట్టుకుంటూ ఉండిపోయాను.

మనవాళ్లు ఇప్పుడు యూరప్ టూర్లకు బాగానే వెళుతున్నారు. ప్యాకేజీలో ప్రాగ్‌కు మహా అయితే ఒకటి రెండు రోజులు. గడియారం, వంతెన, కోట చూపించి బస్సెక్కిస్తారు. వీలున్నవాళ్లు ఒక ఉదయం రెస్లోవా వీధికి ఇవ్వండి. ఆ మధ్యాహ్నం ఇంకేమీ పెట్టుకోకండి. లిడిత్సే నగరానికి పెద్ద దూరమేమీ కాదు కానీ అదే రోజు వెళ్లొద్దు. అక్కడ మరియె ఉహితిలొవా అనే శిల్పి రెండు దశాబ్దాల పాటు తన జీవితాన్ని ధారపోసి చేసిన 82 మంది పిల్లల బొమ్మలున్నాయి. 1989లో ఆమె పోయాక మిగిలిన పని భర్త పూర్తిచేయించాడు. వాటి ముందుకు అలసిన కాళ్లతో, గైడు పిలుస్తున్నాడన్న తొందరతో వెళ్లకూడదు. పదేళ్లు దాటిన పిల్లల్ని తీసుకెళ్లొచ్చని నా అభిప్రాయం. ముందు రాత్రి వాళ్లకు కథ చెప్పి తీసుకెళ్లండి, సైకిలు సంగతితో సహా.