తెలుగు బైబిలులో గ్రంథపట్టికా భేదము – యూదితు కథ

కతోలికుల పెండ్లిలో తోబీతు గ్రంథమునుండి పఠనము జరుగుట కలదు. ఆ పెండ్లికి వచ్చిన ప్రొటెస్టంటు బంధువు తన బైబిలులో ఆ భాగమును వెదకినచో దొరకదు. అతని సంపుటమున 66 పుస్తకములు, పెండ్లివారి సంపుటమున 73. గుత్తి, అనంతపురము ప్రాంతములందు ఈ రెండు సంఘములవారును ఇరుగుపొరుగులుగా నున్నారు గనుక ఈ ప్రశ్న ఇచ్చట పుస్తకములలోనిది మాత్రమే కాదు. “మీరు తీసివేసితిరి” అని యొకరును, “మీరు చేర్చితిరి” అని వేరొకరును చెప్పుకొను సమాధానములు రెండును చరిత్రకు నిలువవు. తెలుగు బైబిలు విషయమున పట్టికను స్థిరపరచినది సిద్ధాంత వివాదముకన్న ఒక ముద్రణ సంఘము పెట్టుకొనిన ధనవినియోగ నియమమని నా అభిప్రాయము.

యూదుల హీబ్రూ పట్టికలో 24 గ్రంథములు కలవు. వానినే విడదీసి లెక్కించినచో 39 అగును. క్రీస్తుకు పూర్వమే గ్రీకుభాషీయులైన యూదులు తమ గ్రంథములను గ్రీకున చదువుకొనుచుండిరి. తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథములు రెండు, సొలోమోను జ్ఞానగ్రంథము, సీరా కుమారుని జ్ఞానగ్రంథము, బారూకు అను ఏడును గ్రీకు సంప్రదాయముద్వారా తొలి క్రైస్తవులకు సంక్రమించినవి. ఎస్తేరు, దానియేలు గ్రంథములందలి అధికభాగములును అట్టివే. జెరోము హీబ్రూ మూలమునే ప్రమాణముగా గొని వీనిని వేరుపరచెను. అయినను అడిగినవారి మాట కాదనలేక తోబీతును ఒక్క దినమున అనువదించితినని పీఠికలో చెప్పుకొనెను. అగస్టీను వీనిని అంగీకరించెను. 397 నాటి కార్తేజి సభ పట్టికలో ఇవి చేరినవి.

కావున ఇది దాచుట, దొంగిలించుట అను వ్యవహారము కాదు; రెండు పాఠసంప్రదాయముల భేదము. భారతమునకు దాక్షిణాత్య పాఠమున శ్లోకములు హెచ్చుగా నున్నంతమాత్రమున మన పూర్వులను నిందింపము గదా! బ్రౌను 1829లో 693 వేమన పద్యములను ప్రకటించి, 1839లో వానిని 1164 చేసెను. వానిలో వేమనవి యెన్ని యను చర్చ నేటికిని తెగలేదు. ఇంటిలో ఇట్టి చిక్కు నుంచుకొని పొరుగువాని పట్టికను చూచి నవ్వుట మనకు తగదు.

లూథరు సయితము 1534 బైబిలులో వీనిని త్రోసివేయలేదు. లేఖనములతో సమానములు కాకున్నను చదువదగినవని చెప్పి విడిగా నుంచెను. 1546లో ట్రెంటు సభ వీనిని ప్రమాణములుగా శాసించిన పిదప ఉభయపక్షములును బిగుసుకొనినవి. అయినను 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో అపోక్రిఫా యను పేర ఇవి నిలిచియే యుండెను. ఖండితముగా త్రోసివేసినది 1647 నాటి వెస్ట్‌మిన్‌స్టరు విశ్వాస ప్రకటనము.

ఇక తెలుగునకు వత్తము. 18వ శతాబ్ది ఆరంభమున అనంతపురపు మెట్టమీది కృష్ణాపురమున ఫ్రెంచి జెసూటులు నివసించిరి. లెగాక్ అను గురువు అచ్చటినుండి వ్రాసిన లేఖలు ఫ్రాన్సులో అచ్చుపడినవి. వారికి ప్రమాణము 73 పుస్తకముల లాటిను బైబిలు. కాని వారి తెలుగు మతరచనలు ముఖ్యముగా సిద్ధాంతబోధకును జపములకును సంబంధించినవి. ఏడు గ్రంథములను కాపాడుకొన్నామని చెప్పుకొను పక్షమే వానిని తెలుగువారికి అందింపక దీర్ఘకాలము జాగుచేసెను. 1965లో రెండవ వాటికను సభ లేఖన పఠనమును ప్రోత్సహించిన తరువాతనే, పూదోట జోజయ్యగారి వంటి పండితుల కృషివలన, ఆ కొరత తీరినది.

ప్రొటెస్టంటుల త్రోవ వేరు. తరంగంబాడి లూథరను మిషనరీలు 1728 నాటికే అరవమున అపోక్రిఫాను అచ్చొత్తించిరి. అనగా ప్రొటెస్టంటు అనువాదకునకు ఇవి సహజముగా నిషిద్ధములు కావు. కాని 1804లో లండనున వెలసిన బ్రిటిషు అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ, తీవ్రమైన కలహము జరిగిన పిమ్మట, 1826లో అపోక్రిఫా గల సంపుటములకు తన ధనమును ఇయ్యరాదని నియమించుకొనెను. సంపూర్ణమైన తెలుగు బైబిలు మద్రాసున 1854లో వెలువడినది. అప్పటికి ఆ నియమము పాతబడి ఆచారమైనది. బళ్లారి, కడపలనుండి గుత్తికి వచ్చిన లండను మిషనువారికి ఇది సమ్మతమే; వారి సంప్రదాయము వెస్ట్‌మిన్‌స్టరునకు సమీపమైనది. కాని మచిలీపట్టణపు ఆంగ్లికనులకును, గుంటూరు లూథరనులకును తమ తమ మాతృసంఘములు ఈ గ్రంథములను చదువుకొన నిచ్చియే యుండెను. వారి చేతికిని అందినది ఆ 66 పుస్తకముల సంపుటమే. విశ్వాసముచేత కాక అచ్చుపుస్తకముచేత కలిగిన లోపమని నేననునది దీనినే.

ఈ లోపమువలన తెలుగు పాఠకుడు కోల్పోయినదేమి? యూదితు కథ యొక్కటి చాలును. హోలోఫెర్నెసు సేన బెతూలియా పట్టణమును ముట్టడించి ఊటలను ఆక్రమించును. తొట్లు ఎండిపోవును, వీథులలో స్త్రీలు, పిల్లలు సొమ్మసిల్లుదురు. జనులు పెద్దలపై తిరుగబడగా, అయిదు దినములలో దైవసహాయము రానిచో కోటను అప్పగింతుమని ఉజ్జియా మాట యిచ్చును. అప్పుడు యూదితు అను విధవ పెద్దలను పిలిపించి, దేవునికి గడువు పెట్టుటకు మీరెవరని నిలదీయును. దానికి ఉజ్జియా చెప్పిన బదులు మిక్కిలి సహజమైనది: నీవు భక్తురాలవు, తొట్లు నిండునట్లు వానకై ప్రార్థింపుమని. ఆమె వాన నడుగదు. శత్రుశిబిరమునకు పోయి హోలోఫెర్నెసు తల నరికి తెచ్చును. నెబుకద్నెజరును అస్సూరు రాజనుటచేత ఇది చరిత్ర కాదని ఆక్షేపింతురు. నిజమే. కాని కథాశిల్పమునకు ఆ తప్పు అడ్డము కాదు.

గుత్తి కోటను ఎరిగినవానికి ఈ కథ పరదేశపుది కాదు. 1776లో హైదరాలీ ముట్టడికి మురారిరావు లొంగినది ఫిరంగులవలన గాక దప్పికవలన. సంధి మాటలు సాగుచుండగా కోటలో నీరు లేదన్న రహస్యము అవతలివారికి పొక్కినదని విల్క్స్ తన మైసూరు చరిత్రలో వ్రాసెను. ఆ కొండ క్రిందనే బైబిలు చదువుకొనిన తరములవారికి నీరెండిన కోట కథ మాత్రము చేరకపోయినది.

పట్టిక విషయమున పరిశోధన నిలిచిపోలేదు. 1896 మొదలు కైరోలో సీరా గ్రంథపు హీబ్రూ పత్రములును, 1947 తరువాత కుమ్రాను గుహలలో తోబీతు గ్రంథపు అరమాయికు, హీబ్రూ శకలములును బయటపడినవి. హీబ్రూలో లేవు గనుక విడిచితిమను వాదము అంతమేరకు సడలినది. యూదితునకు మాత్రము హీబ్రూ ప్రాచీనప్రతి లభింపలేదు. జెరోము నేడున్నచో సీరాను ఎచ్చట చేర్చెడివాడో!

ఆ సీరా గ్రంథమున ముప్పదియైదవ అధ్యాయము చివర ఒక ఉపమానము కలదు. ఆపత్కాలమున దైవకరుణను, అనావృష్టిలో కనబడిన వానమబ్బుతో కవి పోల్చినాడు. సాలుకు 550 మిల్లీమీటర్లైన నిశ్చయముగా కురియని ఈ సీమలో, వానకై ప్రార్థించు ఆదివారములందు, ఆ వాక్యము ఒక గుడిలో చదువబడును. వీథి కావలి గుడిలోని పుస్తకమున అది లేదు.