కృష్ణకు ఇరువైపులా బాప్తిస్మం

నల్గొండ జిల్లా వాడపల్లి వద్ద మూసీ వచ్చి కృష్ణలో కలిసే సంగమ క్షేత్రంలో మీనాక్షీ అగస్త్యేశ్వర, లక్ష్మీనరసింహ ఆలయాలున్నాయి. పుష్కరాలు వచ్చినప్పుడు వేలాదిమంది భక్తులు అక్కడి ఘాట్లలో మునిగి లేస్తారు. ఎదురుగా, వంతెన దాటితే పొందుగల, దాని వెనుక పల్నాడు. ఒకప్పుడు ఈ నదే నిజాం రాజ్యానికీ మద్రాసు ప్రెసిడెన్సీకీ సరిహద్దు కావడం వల్ల, క్రైస్తవం కూడా ఈ రెండు ఒడ్డులకూ రెండు వేర్వేరు దారుల్లో వచ్చి, నీటితో ముడిపడిన రెండు వేర్వేరు ఆచారాలను స్థిరపరచింది. ఆ రెండు ఆచారాలూ తేల్చడానికి ప్రయత్నించినది మాత్రం ఒకే ప్రశ్న: సగం మనసుతో ఉన్న నమ్మకం ఎప్పుడు, దేనివల్ల, పూర్తి మనసుతో పట్టుకున్న విశ్వాసమవుతుంది?

తెలుగు సంఘాల్లో ఈ సగం స్థితిని ‘నామకార్థ క్రైస్తవం’ అంటారు. క్రిస్మస్‌కూ పెళ్లికీ భూస్థాపనకూ గుడికి వచ్చి, మిగతా ఏడాదంతా ఆ నమ్మకంతో ఏ పనీ పెట్టుకోనివారు నామకార్థ క్రైస్తవులు. దాని నుంచి బయటపడడాన్ని ‘మారుమనస్సు పొందడం’, ‘రక్షణ పొందడం’ అని చెప్పుకుంటారు. అలా బయటపడిన సంగతిని సంఘం ఎదుట నిలబడి వివరించడాన్ని ‘సాక్ష్యం చెప్పడం’ అంటారు. ప్రసంగాల్లో ఈ పదాలు ఎంత తరచుగా వినిపించినా, ఆ మార్పు జరిగిందని సంఘం దేన్ని చూసి నిర్ణయించాలనే విషయంలో క్రైస్తవ శాఖలు ఎన్నడూ ఒక్క మాట మీద లేవు.

దక్షిణ ఒడ్డున లూథరన్లు ఇచ్చిన జవాబు చిన్నతనంతో మొదలవుతుంది. అమెరికా లూథరన్ మిషనరీ సి.ఎఫ్. హేయర్ 1842లో గుంటూరు చేరి, 1849లో పల్నాడుకు వెళ్లి గురజాల కేంద్రంగా పనిచేశాడు. ఈ సంప్రదాయంలో, దేవుని కృప మనిషి సమ్మతి కోసం ఆగదన్న భావంతో పసిబిడ్డకే నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. బిడ్డ పెద్దయ్యాక, 1529లో లూథర్ ప్రశ్నోత్తర రూపంలో రాసిన చిన్న కేటకిజం నేర్చుకుని, తల్లిదండ్రులు తన పక్షాన ఒప్పుకున్నదాన్ని సంఘం ఎదుట తన నోటితో ఒప్పుకుంటుంది. ఈ రెండో మెట్టే కన్ఫర్మేషన్. దాని తర్వాతే ‘బల్ల’లో, అంటే రొట్టె, ద్రాక్షరసాలు పంచుకునే ప్రభువు భోజన సంస్కారంలో, పాలు దక్కుతుంది. కాబట్టి ఇక్కడ సగం నుంచి పూర్ణానికి సాగే ప్రయాణం ఊయలకూ బల్లకూ మధ్య ఉన్న ఏళ్ల పొడవునా జరగాల్సిన శిక్షణ.

ఉత్తర ఒడ్డు జవాబు ఇంతకన్నా కఠినమైనది, దాని వెనుక రక్తం చిందిన చరిత్ర ఉంది. 1525 జనవరిలో జ్యూరిక్ నగరంలో కొందరు యువకులు, పసితనంలో పొందిన బాప్తిస్మం తమ నిర్ణయం కాదు కనుక చెల్లదని, ఎదిగిన వయసులో ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. వారిని అనాబాప్టిస్టులు, అంటే ‘తిరిగి బాప్తిస్మమిచ్చేవారు’ అని పిలిచారు. వారిలో ఒకడైన ఫెలిక్స్ మాన్జ్‌ను 1527లో అదే నగరం లిమ్మట్ నదిలో ముంచి చంపింది. ఆ వారసత్వంలోని మెన్నోనైట్లు తరతరాల వలసల తర్వాత దక్షిణ రష్యాలో స్థిరపడగా, కాలక్రమంలో వారి సంఘాల్లోనూ విశ్వాసం పుట్టుకతో వచ్చే కుటుంబ ఆచారంగా మారిపోయిందని భావించినవారు 1860లో విడిపోయి మెన్నోనైట్ బ్రదరన్ అనే శాఖగా ఏర్పడి, నీటిలో పూర్తిగా ముంచే పద్ధతిని చేపట్టారు. ఆ శాఖకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున 1890లో నల్గొండలో పని ప్రారంభించాడు. నామకార్థ విశ్వాసంపై తిరుగుబాటుగా పుట్టి, అదే కారణంతో రెండోసారి చీలిన సంప్రదాయం ఈ విధంగా నల్గొండ పల్లెలకు చేరి, తన నోటితో ఒప్పుకున్నవారికే ‘ముంచుడు బాప్తిస్మం’ అనే నియమాన్ని స్థాపించింది.

ఈ రెండు పద్ధతుల్లో ఏది వాక్యానుసారమన్న వాదం నేటికీ తెగలేదు గానీ, వాటి బలహీనతలు మాత్రం పోలి ఉంటాయి. కన్ఫర్మేషన్ ఒక వయసు రాగానే అందరితో పాటు పూర్తిచేసే తంతుగా మారవచ్చు. ముంచుడు బాప్తిస్మం పెళ్లి కుదిరాక, గుడిలో వివాహం జరగాలంటే ధ్రువపత్రం కావాలి కనుక, ముహూర్తానికి ముందు హడావుడిగా తీసుకునేది కావచ్చు. విశ్వాసం వ్యక్తి సొంత నిర్ణయమై ఉండాలని పట్టుబట్టిన సంప్రదాయంలో సైతం, మూడో తరం వచ్చేసరికి ఆ నిర్ణయమే ఇంటి ఆనవాయితీ అవుతుంది. నీటి పరిమాణం గాని, నీటిలో దిగే వయసు గాని మనసును కొలవలేవని దీన్నిబట్టి తెలుస్తుంది.

మనసును కొలిచే సాధనమేదో తెలుగు నేల మీదే ఒకసారి స్పష్టంగా బయటపడింది. ఒంగోలు ప్రాంతంలోని తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగ కులస్థుడు. క్రైస్తవుడు కాకముందు రాజయోగ గురువుల వద్ద శిష్యరికం చేసిన అన్వేషకుడు. 1866లో బాప్టిస్టు మిషనరీ జె.ఇ. క్లౌ వద్ద బాప్తిస్మం పొందిన పేరయ్య తనవారి మధ్య బోధకుడై తిరిగాడు. ఆ కొత్త విశ్వాసులకు నేర్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి మతనియమాలుగా కనిపించే ఈ మూడూ ఊరి కట్టుబాటు మొత్తాన్ని కదిలించాయి. ఎందుకంటే భూస్వామి పిలిచిన రోజున పనికి పోకపోవడం, జాతరలో డప్పు కొట్టకపోవడం అంటే తరాలుగా సాగుతున్న వెట్టిని ధిక్కరించడమే. నమ్మకం నాలుక మీద ఉన్నంతకాలం ఊరికి దానితో పేచీ లేదు; అది వారంలో ఒక రోజు శ్రమను నిరాకరించిన క్షణాన దానికి వెల ఏర్పడింది, ఆ వెల చెల్లించడానికి సిద్ధపడ్డవారెవరో అందరికీ తెలిసింది.

1876–78 నాటి కరవులో ఇదే పరీక్ష తలకిందులైంది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశాడు. దాంతో బోధకుల మాట విని బాప్తిస్మం అడిగేవారి సంఖ్య పెరిగిపోయింది. అయితే అన్నం కోసం వచ్చిన నమ్మకాన్నీ, నిజంగా కలిగిన నమ్మకాన్నీ ఆ సమయంలో వేరుచేయడం అసాధ్యమని గ్రహించిన క్లౌ, సుమారు పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం పంచడం ఆపేసిన తర్వాత, ఇక ఇవ్వడానికేమీ లేదని తెలిసి కూడా జనం రావడంతో, 1878 జులై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. చరిత్ర పుస్తకాలు ఈ సంఖ్యనే గుర్తుంచుకుంటాయి. కానీ అంతకన్నా విలువైనది ఆ పదిహేను నెలల నిరాకరణ, ఎందుకంటే కోరినవారికి వెంటనే ఇవ్వకుండా ఆగడంలోనే విశ్వాసం పట్ల గౌరవం వ్యక్తమైంది.

నీటి తర్వాత ఏం జరగాలన్న దానికి దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య మరో జవాబిచ్చాడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన ఈయన, కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత, తాము సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటల భావాన్ని తల మీద చేయి పెట్టుకుని పలికించేవాడు. పొందినవాడు వెంటనే ఇచ్చేవాడు కావాలన్నదే ఇందులోని ఆంతర్యం. వంట చేసేటప్పుడు ముందుగా పిడికెడు బియ్యం తీసి దేవుని పేర దాచడం, పంట ఇంటికి వచ్చినప్పుడు తొలి భాగాన్ని గుడికి మోసుకుపోవడం వంటి ఆచారాలు పేద సంఘాలకు ఈ పాఠాన్నే నేర్పాయి. ఆకలి తెలిసిన ఇంట్లో రోజూ తీసే పిడికెడు బియ్యం, ఒక్కసారి చెప్పే సాక్ష్యం కన్నా నమ్మదగిన సాక్ష్యం.

అయితే సగం విశ్వాసంగా కనిపించేదంతా సగం మనసు కాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం స్వీకరించిన దళితుడు ఎస్సీ హోదా కోల్పోతాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో కలిగిన మినహాయింపు క్రైస్తవులకు లేదు. తెలుగు రాష్ట్రాల్లో అలా మతం మారినవారు బీసీ–సి వర్గంలో ఒక్క శాతం రిజర్వేషన్‌కు పరిమితమవుతారు. ఆదివారం సంఘంలో మోకరిల్లి, కాగితాల్లో మాత్రం హిందువుగా మిగిలే కుటుంబాన్ని నామకార్థమని తేలిగ్గా తీసిపారేయడం, పిల్లల చదువునూ కొలువునూ ఆ విశ్వాసానికి ఎదురు తూకం వేసిన చట్టాన్ని మరచి మాట్లాడడమే. ఆ భారం మోయాల్సిన అవసరమే లేని అగ్రకుల విశ్వాసి, ఆ భారం మోస్తున్నవాడి నిబద్ధతపై తీర్పు చెప్పడం మరీ అసంగతం.

కాబట్టి నిబద్ధ విశ్వాసానికి గుర్తు అది ఎవరితోనైనా వ్యవహారాన్ని మార్చిందా అన్నదే. ఒంగోలు మాదిగ వెట్టిని నిరాకరించినప్పుడు ఆ గుర్తు కనిపించింది. ఇదే కొలతను వ్యక్తులపైనే గాక సంఘాలపైనా ప్రయోగిస్తే తీర్పు అంత సుఖంగా ఉండదు. ఒకే ఊళ్లో మాల సంఘం, మాదిగ సంఘం వేర్వేరు గుళ్లలో కూడుకుని, ఒకే బల్లను ప్రకటిస్తూ పిల్లల సంబంధాల విషయంలో పాత గీతలనే పాటించడం కృష్ణకు రెండు వైపులా నేటికీ ఉన్నదే. ఏ వయసులో, ఎన్ని నీళ్లతో అన్న తర్కంలో నూట యాభై ఏళ్లుగా చూపిన పట్టుదలలో కొంత ఈ గీతలను చెరపడంలో చూపితే తప్ప, యువతీ యువకుల సగం మనసును మందలించే అధికారం సంఘపెద్దలకు నిలవదు.