గీత ఏడ గీసినా వాడ ఊరవతలే

అంబేద్కర్ రాసిన 'భాషాప్రయుక్త రాష్ట్రాలపై ఆలోచనలు' అనే చిన్న పుస్తకం తెలంగాణ ఉద్యమంలో అందరి నోళ్ళల్లో నానింది. చదివినవాళ్ళు తక్కువ. చదివినవాళ్ళలో చివరిదాకా చదివినవాళ్ళు ఇంకా తక్కువ. నేను పాత నల్గొండ జిల్లాలో ఒక మాదిగవాడలో పుట్టినోణ్ణి. మా నాయిన పటేలు చాటింపులకు డప్పు కొట్టిండు. నేను హాస్టల్ బువ్వ తిని లెక్చరర్నయిన. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు నేనూ ఉన్న. కాబట్టి ఈ పుస్తకాన్ని నేను వాడ నుంచి చదువుతా. రాజధాని నుంచి చదివే మేధావులు చాలామంది ఉన్నరు, ఆ పని వాళ్ళు చేస్తరు.

ఈ పుస్తకం 1955 డిసెంబర్‌ది. ముందుమాట కింద ఊరి పేరు ఔరంగాబాద్ అని ఉంటది. అక్కడి మిళింద్ మహావిద్యాలయంలో ఉండి ఆయన ఆ ముందుమాటకు సంతకం పెట్టిండు. అప్పటికి ఔరంగాబాద్ మహారాష్ట్ర కాదు, హైదరాబాద్ రాష్ట్రం. అంటే ముక్కలు కాబోతున్న మన రాష్ట్రం మట్టి మీద కూర్చుని రాష్ట్రాలు ఎట్లా ముక్కలు కావాలో చెప్పిండన్నమాట. ఫజల్ అలీ కమిషన్ నివేదిక వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు.

అందులో ఆయన వాదం సూటిగా ఉంటది. ఒక రాష్ట్రంలో ఒక భాష ఉండాలె గాని, ఒక భాషోళ్ళంతా ఒకే రాష్ట్రంలో ఉండాలని ఎక్కడుంది? ఉత్తరప్రదేశ్‌ని మూడు చేయమన్నడు, బీహార్‌ని రెండు, మధ్యప్రదేశ్‌ని రెండు, మహారాష్ట్రని నాలుగు. తెలుగోళ్ళంతా ఒక్కటే అని పద్యాలు పాడినోళ్ళకి ఇంతకన్నా గట్టి జవాబు లేదు. తెలంగాణ సభల్లో ఈ పేజీని మైకులో చదివిన్రు. మంచిదే. హైదరాబాద్, సికింద్రాబాద్, బొల్లారం కలిపి కేంద్రం కింద పెట్టి దేశానికి రెండో రాజధాని చేయాలని ఆయనే ఇదే పుస్తకంలో రాసిండు. ఆ పేజీని మనోళ్ళు చదవలే. హైదరాబాద్‌ని కేంద్రపాలిత ప్రాంతం చేయమన్న అవతలోళ్ళకి మాత్రం ఆ పేజీ ముద్దొచ్చింది. ఎవరికి పనికొచ్చే కాయితం వాళ్ళు చింపుకున్నరు. ఇద్దరూ వదిలేసిన పేజీలు కొన్ని మిగిలినయ్. అవి మనయి.

చిన్న రాష్ట్రం ఎందుకని అడిగితే ఆయన చెప్పే కారణం నీళ్ళూ కాదు, నిధులూ కాదు. కులం. ప్రతి భాషాప్రాంతంలోనూ ఒకటో రెండో పెద్ద కులాలుంటయని, భూమి, కొలువు, వ్యాపారం వాళ్ళ చేతిలోనే ఉంటయని, అంటరానివాళ్ళు వాళ్ళ మీద ఆధారపడి బతుకుతరని రాసిండు. దానికి ఆంధ్రనే ఉదాహరణగా తీసుకుని రెడ్లనీ, కమ్మలనీ, కాపులనీ పేరుపెట్టి చెప్పిండు. తెలంగాణ వెలమదొరలు ఆయన లెక్కలోకి రాలేదు. మా అవ్వనడిగితే ఆ పేరు కూడా రాయించేది. రాష్ట్రం పెద్దదయ్యేకొద్దీ పెద్ద కులం ముందర చిన్నోళ్ళ పాలు ఇంకా తగ్గుతదని, దౌర్జన్యానికి సందు పెరుగుతదని ఆయన భయం. అందుకే రాష్ట్రం చిన్నగుండాలె అన్నడు.

నాకు పేచీ ఇక్కడనే ఉంది. పెద్దాయన మాటైనా లెక్క చూసుకోవాలె కదా. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాలు నూటికి 16 పైచిలుకు. తెలంగాణ జిల్లాలను విడదీసి చూస్తే 15 పైచిలుకు. ఆంధ్ర జిల్లాల్లో 17. రాష్ట్రం చిన్నగైంది, మన పాలు పెరగలే, రవ్వంత తగ్గింది. ఆదివాసులది, లంబాడోళ్ళది పెరిగింది, 7 నుంచి 9 దాటింది. ఎందుకంటే వాళ్ళకి తండా ఉంది, గూడెం ఉంది, ఒక్కచోట గుంపుగా ఉంటరు. మనం? ఊరికొక వాడ. ఊరు చివర, కట్ట కింద, తుమ్మచెట్ల పక్కన. ఏ గీత గీసినా మనం రెండు దిక్కులా చెదిరి పడతం. మాదిగలెక్కువున్న జిల్లా అనో, మాలలెక్కువున్న రాష్ట్రం అనో పటంలో రంగేసి చూపించలేం. పటాన్ని నమ్ముకున్న రాజకీయం ఏదైనా మనల్ని చెదరగొట్టినట్టే లెక్కిస్తది.

ఇది అంబేద్కర్‌కి తెల్వదనుకుంటే మనమే అమాయకులం. తెలుసు కాబట్టే చిన్న రాష్ట్రం అన్న మాట పక్కనే ఇంకో మాట రాసిండు. నియోజకవర్గానికి ఒక్క సభ్యుడు కాకుండా ఇద్దరు ముగ్గురు ఉండాలె. ఓటరుకి ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లుండాలె. ఆ ఓట్లన్నీ ఒక్కరికే వేసుకునే హక్కుండాలె. ఈ రెండూ కలిస్తేనే తక్కువమంది ఉన్నోళ్ళ భయం తీరుతదన్నడు. తెలంగాణ సభల్లో ఇది చదివినోణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలే.

దీంతో ఏమైతది? చేతివేళ్ళ మీద లెక్కేద్దాం. నూరుమంది ఓటర్లు, మూడు సీట్లు, మనిషికి మూడు ఓట్లు. 26 మంది కూడబలుక్కుని మూడు ఓట్లూ ఒక్కరికే వేస్తే 78 ఓట్లు. మిగిలిన 74 మంది దగ్గర 222 ఓట్లున్నయ్. ముగ్గురికి పంచితే తలా 74. మన మనిషి గెలిచినట్టే. మనం 15 మందిమే. ఇంకో 11 మంది కావాలె. ఆ పదకొండు మందిని చాకలోళ్ళ ఇండ్లకు, సాయిబుల ఇండ్లకు పోయి మనమే మాట్లాడుకుంటం. (మాలా మాదిగా ఒక్కమాట మీద ఉంటేనే అనుకోండి. దాని దగ్గరికి వస్త.) ఇప్పుడున్న పద్ధతిలో 119 సీట్లలో 19 మనకి రిజర్వు. ఆ 19 చోట్ల నిలబడేది మనోడు, నిలబెట్టేదీ గెలిపించేదీ ఊరు. గెలిచినోడు ముందుగాల ఎవరి గడప తొక్కుతడో వాడలో చిన్నపిల్లనడిగినా చెప్తది.

ఇంకో ముచ్చట. అవసరమైతే రాజ్యాంగాన్ని నేనే ముందు తగలబెడతానని అంబేద్కర్ అన్న మాట మన ఉపన్యాసకులందరికీ నోటికొస్తది. ఎక్కడ, దేని మీద అన్నడో చెప్పేవాళ్ళు అరుదు. 1953 సెప్టెంబర్ 2న రాజ్యసభలో అన్నడు. అప్పుడు నడుస్తున్న చర్చ ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద. కొత్త రాష్ట్రంలో తక్కువమంది ఉన్నోళ్ళని కాపాడే అధికారం గవర్నర్‌కి ఉండాలని ఆయన పట్టుబట్టిన సందర్భం. అంటే అంత కోపం వచ్చింది మన తెలుగు గడ్డ మీద రాష్ట్రం పుట్టేటప్పుడే. మన చరిత్ర పుస్తకాల్లో ఆ బిల్లు కింద పొట్టి శ్రీరాములు ఉంటడు గాని అంబేద్కర్ ఉండడు.

మూడేండ్లకి, 1956 ఫిబ్రవరి 20న, ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం. అటు నలుగురు, ఇటు నలుగురు. ఎనిమిది సంతకాల్లో ఒక్క మాల లేడు, ఒక్క మాదిగ లేడు. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకం మీద ప్రాంతీయ మండలికి అదుపుండాలని అందులో రాసుకున్నరు. భూమి ఉన్నోడికి అది రక్షణే. గుంట భూమి లేనోడికి ఏం రక్షణ? ఆ ఒప్పందాన్ని ఆంధ్రోళ్ళు తుంగలో తొక్కిన్రని మనం యాభై ఏండ్లు తిట్టినం. న్యాయమే. కానీ తొక్కకుండా అమలు చేసినా మా వాడకి ఏమొచ్చేదో ఆ పద్నాలుగు అంశాల్లో నేను వెతికిన. దొరకలే.

మా నాయిన 1969లో లారీ ఎక్కినోడే. ఆ ముచ్చటెత్తితే "ఎక్కమన్నరు ఎక్కినం బిడ్డా, దిగమన్నరు దిగినం" అనేటోడు. 1971లో తెలంగాణ ప్రజా సమితి 14 లోక్‌సభ సీట్లలో 10 గెలిచి, అదే ఏడు కాంగ్రెస్‌లో కలిసిపోయింది. దిగమన్నది అప్పుడు. ఆ ఉద్యమంలో సదాలక్ష్మి ఉంది, ఈశ్వరీబాయి ఉంది. మన ఆడబిడ్డలే. చెన్నారెడ్డి పేరు చెప్పినన్నిసార్లు వాళ్ళ పేర్లు ఎవరు చెప్పిన్రు?

2009 తర్వాత వచ్చిన ఉద్యమం వేరే తీరు. ధూంధాం వేదికలు, రోడ్ల మీద వంటావార్పు, కులవృత్తుల నిరసనలు. మంగలి రోడ్డు మీద గడ్డం గీసిండు. చాకలి ఇస్త్రీ చేసిండు. గొల్లలు గొర్లను తోలుకొచ్చిన్రు. మాదిగలు డప్పులు కొట్టిన్రు. పేపర్లల్ల ఫోటోలు బాగ పడ్డయ్. నేనూ ఆ డప్పుల వెంబడి నడిచిన, ఒళ్ళు పులకరించింది, అది అబద్ధం కాదు. కానీ విమర్శకుడిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ప్రతి కులం తన పనిముట్టు పట్టుకుని రావాలంటే, దొర ఏం పట్టుకొచ్చిండు? మైకు. మా నాయిన చేతిలో వెట్టి గుర్తుగా ఉన్న డప్పు వేదిక ఎక్కితే సంస్కృతి అయింది, సంతోషమే. ఆ వేదిక కింద కూడా కొట్టేటోడు మావోడే, ఆడేటోడు దొర కొడుకు. గూడ అంజయ్య, గద్దర్, అందెశ్రీ, గోరటి వెంకన్న పాటలు లేకుండా తెలంగాణ ఉద్యమాన్ని ఊహించలేం. పాట మాది, మాట వాళ్ళది అయింది.

ఆ మాటల్లో ఒకటి, తొలి ముఖ్యమంత్రి దళితుడే అని తెరాస అధినేత ఇచ్చింది. 2014 జూన్ 2న ఆయనే కూర్చున్నడు. ఉపముఖ్యమంత్రిగా పెట్టిన రాజయ్యని ఎనిమిది నెలలు నిండకముందే, 2015 జనవరిలో తీసేసిండు. 2023లో వచ్చిన ముఖ్యమంత్రి రెడ్డి. మనం తిట్టిపోసిన ఉమ్మడి రాష్ట్రంలోనే 1960 నుంచి 1962 దాకా దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రిగా ఉన్నడు. ఇది చెప్తే సమైక్యవాది అంటరు. అననీ. నేను తెలంగాణ కావాలన్నోణ్ణే, ఇప్పటికీ అంటా. ఇంట్లో వాటా అడిగినోడు ఇల్లు కూలగొట్టమన్నట్టు కాదు. భూమిలేని దళితులకి మూడెకరాలు అన్నరు, అది కొన్ని వేల కుటుంబాల కాడ ఆగింది. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందర కుటుంబానికి పది లక్షల దళితబంధు వచ్చింది. 2023లో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. మూడో అధికరణం రాసి రాష్ట్రం రావడానికి దారి పెట్టిండని ఆయనకి దండలేసిన్రు. అంత ఎత్తు మనిషి చెప్పిన ఓటు పద్ధతి మాత్రం ఎవరికీ కనపడలే.

ఇప్పుడు మాలా మాదిగ ముచ్చట. మాల మిత్రులు కోపం తెచ్చుకోవద్దు. తెలంగాణోళ్ళం "విడిపోయి కలిసుందాం" అన్నం. వాటా తేలితేనే అన్నదమ్ముల ప్రేమ నిలుస్తదన్నం. 1994 జూలైలో ఈదుమూడి నుంచి దండోరా మొదలుపెట్టినోళ్ళు అన్నదీ అదే కదా! అక్కడ న్యాయమైన వాదం ఇక్కడ చీలిక ఎట్లయింది? 2004లో సుప్రీంకోర్టు వర్గీకరణని కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఇంకో ధర్మాసనం సరే అంది, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గుంపులుగా అమలైంది. ముప్పై ఏండ్లు. ఈ ముప్పై ఏండ్లు మనం ఒకర్నొకరం తిట్టుకున్న ఓపికలో పావు వంతు ఆ ఓటు పేజీ మీద పెట్టి ఉంటే ఎట్లుండేదో.

అంబేద్కర్‌కి విడిపోవడమంటే రాష్ట్రం ఒక్కటే కాదు. అదే సంపుటంలో, అదే బైండులో, 1947 నాటి 'రాష్ట్రాలు–మైనారిటీలు' ఉంటది. అందులో ఆయన అడిగింది ఊరి నుంచి విడిపోవడం. సాగుకి పనికొచ్చే బంజరు భూముల్లో మనకి వేరే ఊర్లు కట్టియ్యాలని, దానికొక కమిషన్ ఉండాలని. రాష్ట్రం నుంచి రాష్ట్రం విడిపోతే జెండా మారుతది. ఊరి నుంచి వాడ విడిపోతే కూలీ రేటు మారుతది. మొదటిదాని మీద ఎన్ని పుస్తకాలొచ్చినయో లెక్కలేదు. రెండోదాన్ని మన విశ్వవిద్యాలయాల్లో ఎవరో ఒక విద్యార్థి థీసిస్‌కి తీసుకోవాలె. ఇది చదివే పిల్లలకి చెప్తున్న.

రాష్ట్రాన్ని విడదీసిన 2014 చట్టాన్ని కూడా ఒక రచనలాగా చదవండి. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్ళు. కృష్ణకి బోర్డుంది, గోదావరికి బోర్డుంది. బొగ్గుకి, కరెంటుకి, అప్పులకి, ఉద్యోగులకి లెక్కలున్నయ్. మనం ఐదో షెడ్యూల్లో ఉన్నం, కులాల పేర్ల జాబితాగా. అదే చట్టంలో 26వ సెక్షన్ తెలంగాణ శాసనసభ సీట్లని 119 నుంచి 153కి పెంచాలంటది. పదేండ్లు దాటినా పెంచలే. ఎప్పుడు పెంచుతరు, ఎవరి జిల్లాకి ఎన్నొస్తయ్ అని పార్టీలన్నీ లెక్కలేస్తున్నయ్. పెరిగే ఆ 34 సీట్లు ఒక్క సభ్యుడివా, ముగ్గురివా అని అడగాల్సిన కాలం ఇదే. నేను పోయిన రెండు మూడు సభల్లో అడిగిన. అధ్యక్షులు టైమైపోయిందన్నరు.