పిల్లల కథలు: ఎంపికలో విచక్షణ

బాలసాహిత్యానికి ఒక విశేషమున్నది. ఇతర సాహిత్యాన్ని చదివేవారే కొనుక్కొంటారు, నచ్చకపోతే మానుకొంటారు. పిల్లల పుస్తకాన్ని వ్రాసేది పెద్దలు, అచ్చువేసేది పెద్దలు, కొనేది పెద్దలు, బహుమతి ఇచ్చేది పెద్దలు. చదవవలసినవాడు ఈ వరుసలో చిట్టచివర నిలబడి ఉంటాడు. అతని చేతిలోని అధికారం ఒక్కటే: పుస్తకాన్ని మూసివేయడం. దానిని అతడు నిర్దాక్షిణ్యంగా వినియోగిస్తాడు. అందుచేత బాలబాలికలకు ఎటువంటి కథలను ఎంచి ఇవ్వాలనే ప్రశ్నను తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ వదలివేసి రచయితలు ఊరుకోవడానికి వీలులేదు. పన్నెండవయేట తెలుగు పుస్తకాన్ని మూసివేసినవాడు ఇరవైయైదవయేట నవలాపాఠకుడై తిరిగివస్తాడని ఆశించడం కష్టం.

పెద్దల ఎంపికలో మొట్టమొదట లెక్కకు వచ్చేది నీతి. కథ చివర నీతివాక్యం కనిపిస్తే పుస్తకం మంచిదని నిశ్చయించడం వాడుకైపోయింది. కాని తెలుగువారి మౌఖిక సంప్రదాయం ఈ వాడుకను సమర్థించదు. ఏడు చేపల కథను ఎరుగని తెలుగు ఇల్లు అరుదు. ఎండని చేపతో మొదలై గడ్డిమేటునూ, ఆవునూ, పశువులకాపరినీ, అవ్వనూ, ఏడ్చిన పిల్లవానినీ దాటుకొని చీమదాకా సాగే ఆ ప్రశ్నల గొలుసులో నీతి ఏదని అడిగితే పండితుడు సైతం తడబడతాడు. ప్రతి సమాధానమూ మరొక ప్రశ్నకు దారితీయడమే అందులోని ఆకర్షణ. అంత చిన్న చీమ చిట్టచివర తన పుట్టను గురించి అంత ధీమాగా మాట్లాడేసరికి పిల్లలు నవ్వుతారు. పూర్వపు అవ్వలు కథను కంచికి పంపి పిల్లలను ఇంటికి పంపేవారేగాని నీతిని విడదీసి వడ్డించేవారు కారు.

నీతికథలన్నీ నీరసమైనవని దీని అర్థం కాదు. 1853లో పరవస్తు చిన్నయసూరి వెలువరించిన నీతిచంద్రికలోని మిత్రలాభ మిత్రభేదాలకు మూలం రాజకుమారుల కోసం అల్లిన కథలే. వాటిలో యుక్తి ఉన్నది, ద్రోహమున్నది, ప్రాణభయమున్నది. కాని తరగతిగదులలో వాటిని సంధులకూ సమాసాలకూ ఉదాహరణలుగా చదివించడం వల్ల కథ వెనుకబడి వాక్యం ముందుకు వచ్చింది. దోషం గ్రంథానిది కాదు; అందించిన విధానానిది.

నీతి కథలో ఇమిడిపోవడమంటే ఏమిటో ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’ చూపుతుంది. మూడు పైసలతో జాతరకు వెళ్లిన హమీదు, రొట్టెలు కాల్చేటప్పుడు నాయనమ్మ వేళ్లు కాలకుండా ఉండాలని ఒక పట్టకారు కొనితెస్తాడు. త్యాగానికి దృష్టాంతంగా ఈ కథను పాఠ్యపుస్తకాలలో చేర్చడం పరిపాటి. పిల్లలను పట్టి నిలిపేది మాత్రం ఆ త్యాగం ఒక్కటే కాదు. హమీదు బొమ్మలవైపు ఆశగా చూస్తాడు. మిఠాయిలు తనకు దక్కనందుకు చిన్నబుచ్చుకొంటాడు. తరువాత తన పట్టకారు ముందు తోటివారి మట్టిబొమ్మలన్నీ తీసికట్టేనని వాదించి గెలుస్తాడు. ఆ వాదంలో తర్కం కన్న గడుసుదనం ఎక్కువ. ఆశపడగల పిల్లవాడు కాబట్టే అతడు మానుకొన్నదానికి విలువ వచ్చింది. నాయనమ్మ కన్నీటిలోని రహస్యం హమీదుకు తెలియదని రచయితే సూచిస్తాడు. తనకు పూర్తిగా అర్థంకానిది ఒకటి కథలో మిగిలి ఉన్నదని గ్రహించిన చిన్న పాఠకుడు కొన్నేళ్ల తరువాత మళ్లీ ఆ కథను వెదుక్కొంటాడు. మంచి ఎంపికకు ఇది ఒక గుర్తు.

భయాన్నీ చెడుగునూ పిల్లల కంట పడనీయరాదన్న జాగ్రత్త మరొక అడ్డంకి. స్టీవెన్‌సన్ 1881లో తన సవతి కుమారునితో కలిసి గీసిన ఒక ద్వీపపటం నుండి పుట్టిన నవల 1883లో పుస్తకంగా వచ్చింది. నండూరి రామమోహనరావు దానిని ‘కాంచనద్వీపం’గా తెలుగు చేశారు. అందులో ఒంటికాలి సిల్వర్ హంతకుడు. అయినా బాలుడైన జిమ్‌తో ఆప్యాయంగా మాట్లాడతాడు, ఒక ఘట్టంలో అతని ప్రాణం కాపాడతాడు. చివరకు శిక్ష తప్పించుకొని కొంత ధనంతో పారిపోతాడు. ఇతనిని ప్రేమించాలా, ద్వేషించాలా అన్నది రచయిత తేల్చి చెప్పడు. ఆ తీర్పును పాఠకునికి విడిచిపెట్టడంలో బాలుని బుద్ధిపట్ల గౌరవమున్నది. దుష్టుడు మొదటి పుటలోనే దుష్టుడుగా కనిపించి చివరి పుటలో శిక్ష పొందే కథలు ఆ గౌరవాన్ని ఇవ్వలేవు.

తెలుగులో ఆకర్షణకు పేరు పొందినది ‘చందమామ’. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించిన ఆ పత్రికను 1952 నుండి 1980లో మరణించేదాకా తీర్చిదిద్దినవారు కొడవటిగంటి కుటుంబరావు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు 1954లో ‘తోకచుక్క’తో మొదలైనవి. నెలనెలా కథానాయకుని ఆపదలో నిలిపి తరువాతి సంచికకై ఎదురుచూసేటట్లు చేయడం వాటి నిర్మాణరహస్యం. రచయిత పేరుకూడా లేకుండా వెలువడిన ఆ రచనలు ఎందరికి చదివే అలవాటు చేసినవో లెక్కకట్టడం సాధ్యం కాదు. వాటిలో లోపం లేకపోలేదు. సాహసం ఎక్కువగా యువకుల పాలిటిది. బాలికలు రక్షింపబడేవారేగాని దారి వెదికేవారు కావడం తక్కువ. అయినా కుటుంబరావు నవలలను తూచే విమర్శకులు ఆయన ఇరవై ఎనిమిదేళ్ల సంపాదకత్వాన్ని ప్రస్తావమాత్రంగా దాటవేయడం న్యాయం కాదు. వంగదేశంలో 1913లో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి ‘సందేశ్’ ప్రారంభించారు. 1961లో దానిని పునరుద్ధరించిన సత్యజిత్ రాయ్ 1965లో ఫెలూదా కథలకు ఆ పత్రికలోనే శ్రీకారం చుట్టారు. అక్కడ అగ్రశ్రేణి రచయితకు పిల్లలకోసం వ్రాయడం చిన్నతనం కాలేదు.

తెలుగులో అసలైన కొరత పన్నెండేళ్లకూ పదహారేళ్లకూ నడుమ ఉన్నది. రాజకుమారులను, మాంత్రికులను దాటివచ్చిన ఆ వయస్సువారికి ఒకప్పుడు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు దొరికేవి. అవి పెద్దల అనుమతితో దొరికినవి కావు. బహుశా అందుకే శ్రద్ధగా చదివారు. ‘చందమామ’ కూడ ఇప్పుడు వెలువడడం లేదు. చదువు ఇంగ్లీషులో సాగుతూండగా, ఆసక్తి గల బాలుడు ఇంగ్లీషు నవలలకు పోతాడు. తక్కినవారు చదవడమే మానుతారు. ఈ వయస్సు పాఠకునికి కావలసినది అవమానం, స్నేహం, ఆకలి, కులం, ఇంటి అప్పు వంటి తాను చూస్తున్న విషయాలను దాచని కథ. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చ నాకు సాక్షిగా’, మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ పిల్లలకోసమని ప్రత్యేకించి వ్రాసినవి కావు. అయినా వాటిలో బాల్యం పెద్దల జాలిచూపుకు లోబడకుండా తన గొంతుతో మాట్లాడుతుంది. చిత్తూరు, నెల్లూరు మాండలికాలు అడ్డువస్తాయన్న శంక నిరాధారం. తన ఊరి మాటను, లేదా పొరుగుజిల్లా మాటను, అచ్చులో చూచిన పాఠకుడు తెలుగు తనదేనని నమ్ముతాడు.

అనువాదకులకూ ఇదే హెచ్చరిక. పిల్లలకోసమన్న పేరుతో మూలాన్ని కత్తిరించి, ఘటనలను మాత్రం మిగిల్చి, వర్ణననూ హాస్యాన్నీ సంభాషణలోని వంకరనూ తీసివేయడం వల్ల అస్థిపంజరం మిగులుతుంది. కఠినపదం బాలుని ఆపదు. ప్రాణంలేని వాక్యం ఆపుతుంది.

పుస్తకాన్ని ఎంచేవారికి ఒక సులభమైన పరీక్ష కలదు. మొదటి రెండు పుటలు బిగ్గరగా చదివి వినిపించి ఆగవలసినది. తరువాత ఏమైందని అడిగితే ఆ పుస్తకం ఇవ్వదగినది. అడగకపోతే దానికి ఎన్ని పురస్కారాలున్నా ప్రయోజనం లేదు. సాహిత్య అకాదెమీ 2010 నుండి బాలసాహిత్యానికి ప్రత్యేక పురస్కారమిస్తూ ఈ రచనకు గౌరవం కల్పించింది. ఆ గౌరవానికి తగిన కథలను, ముఖ్యంగా కౌమారవయస్కుల కోసం, అందించవలసిన బాధ్యత ఇక రచయితలది. రేపటి నవలకు పాఠకులు నేటి ఆరవ తరగతిలోనే కూర్చుని ఉన్నారు.