దారం తెంపకు బిడ్డా

మంగళవారం యాంజియో పడితే నాకు పని ఎక్కువ. మా కర్మన్‌ఘాట్ చుట్టుపక్కల వాళ్లు ధ్యానాంజనేయస్వామి దర్శనం కాకుండా క్యాథ్‌ల్యాబ్ బల్ల ఎక్కరు. నుదుట సిందూరం, కుడి మణికట్టుకు దారం. సరిగ్గా సూది దిగాల్సిన చోటే దారం!

క్యాథ్‌ల్యాబ్ ఉద్యోగంలో చేరిన కొత్తలో కత్తెరతో కసుక్కున తెంపేసేదాన్ని. అవతల డాక్టరుగారు గ్లవుజులు వేసుకుని నిలబడి ఉంటారు, మందు పూసి చెయ్యి శుభ్రం చెయ్యాలి, దారంతో కుదరదు. ఒకరోజు నల్లగొండ వైపు నుంచి వచ్చిన పెద్దాయన, బక్కపలచటి మనిషి, "దారం తెంపకు బిడ్డా" అన్నాడు. అనడం పూర్తయ్యేలోపే తెంపేశాను. మొదటి సూది తప్పింది, రెండోదీ తప్పింది. మూడోసారికి షీత్ అనే పొట్టి గొట్టం ఎక్కింది గానీ, అందులోంచి పంపే క్యాథెటర్ మోచేతి దాకా వెళ్లి ఆగిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. ఆయన "చెయ్యి మెలేస్తున్నరు" అని అరిచాడు.

అప్పుడు లాగకూడదు. లాగితే ధమని గోడే చిరగొచ్చు. నైట్రోగ్లిజరిన్ ఇచ్చారు, నొప్పికీ కాస్త మత్తుకీ ఇంజెక్షన్లు ఇచ్చారు, నేను వేడి తువ్వాలు తెచ్చి ముంజేతికి చుట్టాను. ఇక అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఇరవై నిమిషాలకు క్యాథెటర్ మెల్లిగా జారింది. దారం తెంపినందుకే అలా జరిగిందని నేననను. సన్నటి ధమని, రెండు తప్పిన పోట్లు, చల్లటి గది... కారణాలు చాలానే ఉన్నాయి. కానీ ఆయన గుప్పిట బిగిసింది మాత్రం కత్తెర చప్పుడుకే. నేను చూశాను.

నాడి చూసే వైద్యులు మూడు వేళ్లు ఆనించే చోటు ఉంది చూడండి, మేం దూరేదీ ఆ ధమనిలోకే. దాని గోడలో కండ ఎక్కువ. భయం వేసినా, నొప్పి పుట్టినా ఒంట్లోకి దిగే అడ్రినలిన్‌కు ఆ కండ ఇట్టే లొంగిపోతుంది, బిగుసుకుంటుంది. దాన్నే స్పాజం అంటాం. అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకుంటుంది. ఇది ముట్టుకోబోతున్నారని తెలిసినా ముడుచుకుంటుంది.

కొలతలు చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ ధమని వ్యాసం సగటున రెండున్నర మిల్లీమీటర్లు, ఆడవాళ్లకు ఇంకా తక్కువ. మామూలుగా వాడే 6 ఫ్రెంచ్ సైజు షీత్ బయటి వ్యాసం కూడా దాదాపు అంతే. అందుకే నాకు ఈ పనిలో అసలు గురువు దిల్‌సుఖ్‌నగర్‌లో మా అమ్మకు గాజులు వేసే ఆవిడ అనిపిస్తుంది. చేతికంటే చిన్న గాజు తీసుకుని, కాస్త సబ్బు రాసి, వేళ్ల కణుపులు నొక్కుతూ, "పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?" అని అడిగేది. అమ్మ జవాబు చెప్పేలోపు గాజు ఎక్కేసేది. "చెయ్యి వదులు చెయ్యమ్మా" అని ఆవిడ ఎప్పుడూ గట్టిగా అనగా వినలేదు. గట్టిగా అంటే చెయ్యి వదులవదు మరి.

ఆవిడ సబ్బుకు బదులు మాకు తడి తగిలితే జారే పూత ఉన్న షీత్‌లు వచ్చాయి. గాజు సైజు తగ్గించినట్టే, కుదిరితే 6 బదులు 5 ఫ్రెంచ్ వాడతారు. ధమనిని అల్ట్రాసౌండ్‌లో చూస్తూ మొదటి పోటుకే అందుకునే డాక్టర్లున్నారు. నా లెక్కలో స్పాజంకు అదే మంచి మందు. షీత్ ఎక్కగానే అందులోంచి కాక్‌టెయిల్ ఇస్తారు. పేరు విని రోగి బంధువొకాయన కంగారు పడ్డాడు గానీ, అందులో ఉండేవి నైట్రోగ్లిజరిన్ వంద, రెండొందల మైక్రోగ్రాములు, వెరాపమిల్ రెండున్నర మిల్లీగ్రాములు, లేదా రెంటిలో ఒకటి. బీపీ పడిపోయినవాళ్లకు, గుండె బాగా బలహీనపడినవాళ్లకు, నాడి మరీ నెమ్మదించినవాళ్లకు వెరాపమిల్ జోలికి పోరు. అది మండుతుంది కూడా. అందుకే సిరంజిలోకి రోగి రక్తమే కాస్త లాగి, కలిపి, నెమ్మదిగా ఎక్కిస్తారు. "అర నిమిషం మంటగా ఉంటుంది, తర్వాత పోతుంది" అని ముందే చెప్పడం నా వంతు. చెప్పకుండా వచ్చిన మంటకు ముడుచుకున్న ధమనులను చూశాను.

ఆ నైట్రోగ్లిజరిన్ నోబెల్ డైనమైట్‌లో పేల్చిన సరుకే. 1879లో లండన్ వైద్యుడు విలియం మర్రెల్ దాన్ని గుండెనొప్పికి వాడి చూపించాడు. ముసలితనంలో నోబెల్‌కు గుండెజబ్బు వస్తే డాక్టర్లు రాసిచ్చిందీ అదే. అది రక్తనాళాలను వదులు చేసే కీలకం నైట్రిక్ ఆక్సైడ్‌లో ఉందని తేల్చినవాళ్లకు 1998లో నోబెల్ పేరిటే బహుమతి దక్కింది.

ఇంత తంటా ఎందుకు, పాత పద్ధతిలో తొడ నుంచే వెళ్లొచ్చుగా అంటారేమో. అక్కడి ధమని పెద్దది, అంత తేలిగ్గా ముడుచుకోదు. మా పక్క కంచన్‌బాగ్‌లో క్షిపణులు చేసిన కలాంగారు, డాక్టర్ సోమరాజుగారు కలిసి 1990లలో తెచ్చిన కలాం-రాజు స్టెంట్ కాలానికి మన దగ్గర మామూలు దారి తొడదే. తర్వాత తొడ మీద ఇసుక మూట పెట్టించుకుని, కాలు మడవకుండా గంటలకొద్దీ వెల్లకిలా పడుకోవాలి. లోపల రక్తం కారినా పైకి తెలియదు. మాంట్రియల్‌లో డాక్టర్ లూసియన్ కాంపో మణికట్టు నుంచి వందమందికి యాంజియో చేసిన సంగతి 1989లో ప్రకటించాడు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్టర్ కీమెనై అదే దారిన బెలూన్ వేశాడు. ఇప్పుడు సాయంత్రానికి రోగి లేచి, ఎడమ చేత్తో ఇడ్లీ తింటుంటాడు.

మా ఊరి పేరుకో కథ చెబుతారు. గుడి కూల్చడానికి వచ్చిన ఔరంగజేబుకు, ముందు గుండె గట్టి చేసుకోమని గుళ్లోంచి మాట వినిపించిందట. ఆ హిందీ మాటే 'కర్ మన్ ఘట్', కర్మన్‌ఘాట్ అయిందట. నిజమెంతో గానీ, స్ట్రెచర్ మీద వెళ్లే మనిషికి ఇంటివాళ్లు గుమ్మం దగ్గర చెప్పే మాటా అదే: గుండె గట్టి చేసుకో. ఆయన పాపం గుండెతోపాటు పళ్లూ గుప్పిళ్లూ బిగించుకుని లోపలికి వస్తాడు. నేను ముందు దుప్పటి కప్పుతాను. చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని ఏ ఊరు, వరి వేశారా పత్తి వేశారా అని మొదలుపెడతాను.

మాట్లాడుతూనే దారం ముడి విప్పుతాను. నూనె, సిందూరం పట్టి బిగుసుకున్న ముడి గోటికి త్వరగా అందదు. విప్పి ఎడమ చేతికి కట్టేసరికి మూడు నిమిషాలు పడుతుంది. డాక్టరుగారు గ్లవుజుల చేతులు ముందుకు పట్టుకుని గోడ గడియారం వంక చూస్తుంటారు. చూడనీ.